మోసి అరిగిన రివాల్వర్

ఆళ్లగడ్డ, మంగళవారం రాత్రి

మా ఆయన పోయినాక బీరువాలోనే ఉండిపోయిన రివాల్వర్‌ను ఈరోజు నంద్యాలలో తుపాకుల షాపులో అప్పగించి వచ్చినా. షాపాయన విప్పి చూసి, "దీంతో ఎన్నిసార్లు కాల్చినారమ్మా?" అన్యాడు.

"ఒక్కసారి కూడా కాల్చలేదప్పా. పగోళ్ల భయానికి నడుముకు పెట్టుకోని తిరిగేవాడు."

"అందుకే చెమటకు పైన తుప్పు పట్టింది. లోపల గొట్టం కొత్తదాని మాదిరే ఉంది. ఇంకో రెండు తరాలు పనిచేస్తాది. ఆ పగోళ్లు ఇంకా ఉండారా?"

"వాళ్లూ పోయినారు."

భయంతోనే బతికినాం గానీ, అప్పుడు పొద్దు మునిగితే "తలుపు గడి పెట్టినావా?" అని ఆయన అడిగేవాడు. ఇప్పుడు గడి పెట్టకుండానే కూచోని రాస్తాండా. అడిగే మనిషి లేడు.