సూట్‌కేసు తెచ్చినవాడికి ఇనాం

4 నవంబరు 1974, సోమవారం. సాయంత్రం 6.

జీవితంలో మొదటిసారి విమానం ఎక్కాను. క్షేమంగా దిగాను కూడా. నా సూట్‌కేసే దిగలేదు.

మా ఆఫీసరు గారికి నడుం పట్టేయడంతో ఢిల్లీ మీటింగుకు ఆయన బదులు సూపరింటెండెంటునైన నన్ను పంపారు. తిరుగు ప్రయాణంలో ఒక సంగతి జరిగింది. ఇంట్లో చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. భోజనం ట్రే తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మాయికి, హోటలు అలవాటు కొద్దీ, రూపాయి నోటు ఇవ్వబోయాను. "నో, సర్" అని నవ్వింది. పక్క సీటు పెద్దమనిషి నవ్వాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి మరీ నవ్వాడు.

చెవులు వేడెక్కిపోయాయి. కిటికీలోంచి మేఘాల్ని చూస్తూ ఆలోచించాను. తప్పు నాది కాదు, ఈ దేశపు అలవాటుది! ఇనాం ఇవ్వడమంటే ఎదుటిమనిషిని అవమానించడం. ఈరోజు నుంచి నా చేత్తో ఎవరికీ ఇనాం ఇవ్వను. హోటలు సర్వరు, రిక్షా అతను, మంగలి, పోస్ట్‌మన్... ఎవరికీ! దిగేసరికి మనసు తేలికపడింది.

బేగంపేట విమానాశ్రయంలో అరగంట నిలబడ్డా సూట్‌కేసు రాలేదు. కౌంటరు గుమాస్తా శ్యామ్‌సుందర్, "ఫికర్ చెయ్యకున్రి సార్. ఎల్లుండికల్లా మనిషితోని ఇంటికే పంపిస్తం" అన్నాడు.

ఒక్క చిక్కు. అందులో మా అమ్మాయి కమలకుమారి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఢిల్లీలో మా పినతండ్రి కొడుకు గోపాలరావుకు చూపిద్దామని తీసుకెళ్లాను. వాడి కొడుకు బి.ఏ. మూడుసార్లు తప్పాడు. కమల ఫస్టుక్లాసు చూసి వాడి మొహం వాడిపోయింది. ప్రయాణం సార్థకమైంది.

కమలకు వచ్చే సోమవారం బషీర్‌బాగ్ కాలేజీలో లెక్కల ట్యూటరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఒరిజినల్స్ లేకపోతే లోపలికే రానివ్వరు. ఇంకా వారముంది. ఏం ఫరవాలేదు.

5 నవంబరు, మంగళవారం.

మొదటి రోజు. అద్భుతం!

ఉదయం 7. క్షవరం. ఇనాం లేదు. మంగలి అద్దంలో నన్ను చాలాసేపు చూశాడు.

11. అబిడ్స్ హోటల్లో ఇడ్లీ, కాఫీ. చిల్లరంతా ఏరుకుని జేబులో వేసుకున్నాను. సర్వరు బల్ల తుడుస్తూ నా చొక్కా కూడా కాస్త తుడిచాడు. సహించాను.

సాయంత్రం 5. రిక్షా. ఇనాం లేదు. నాంపల్లి స్టేషన్ మలుపులోనే దింపేశాడు. నడక ఆరోగ్యానికి మంచిది.

కింద వాటాలో ఉండే ఇంటి యజమాని వామన్‌రావు గారికి నా నిర్ణయం చెప్పాను. అబిడ్స్‌లో గడియారాల దుకాణం ఆయనది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "దీపావళి ఇంక ఎనిమిది దినాలుంది. మంచి టైమ్ చూస్కొని పెట్టుకున్నరు సార్ ఒట్టు!" అన్నారు.

పండగ ఇనాముల సంగతి నాకు తట్టనే లేదు. నిజంగా.

6 నవంబరు, బుధవారం.

ఉదయం 8.30. ఆఫీసుకు బయల్దేరుతుంటే తలుపు చప్పుడు. నలభై ఏళ్ల మనిషి, చెమటతో తడిసిన ఖాకీ చొక్కా, భుజం మీద గోధుమరంగు సూట్‌కేసు. కింద సైకిలు.

"కోదండరామయ్య సారు మీరేనా? నా పేరు బాలమల్లు సార్. మీ పెట్టె తెచ్చిన."

మెట్లెక్కి వచ్చిన ఆయాసంలో ఉన్నాడు. నా భార్య నాగరత్నం నా వైపు చూసి కళ్లతోనే, ఏమైనా ఇవ్వండి అంది. నేను గొంతు సవరించుకున్నాను.

"చూడు బాలమల్లూ. ఇది నీ ఉద్యోగం. కంపెనీ నీకు జీతమిస్తోంది. పైన నేను ఇనాం ఇస్తే నిన్ను తక్కువ చేసినట్టు. అర్థమైందా?"

"అయింది సార్. ఓపారి పెట్టె తెరిచి చూస్కోరాదున్రి? చూస్కోని ఈడ దస్కత్ చెయ్యున్రి."

"మాటకు అడ్డు రాకు. జపానులో ఇనాం ఇస్తే కోప్పడతారట, తెలుసా?"

"ఔ సార్."

సంతకం చేశాను, ఇంగ్లీషులో, కింద గీతతో సహా.

"జర మంచినీళ్లు ఇప్పిస్తరా అమ్మా?" అని అడిగాడు. నాగరత్నం పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ ఇనాం కిందికి వస్తుందా? రాదు. ద్రవపదార్థం.

సాయంత్రం 6. తాళంచెవి పట్టలేదు. రెండు గుద్దులు గుద్దితే తెరుచుకుంది. లోపల తెల్లచీరలు ఆరు, స్టెతస్కోపు ఒకటి.

నా సూట్‌కేసు కాదు!

కమల ఆ చీరల వైపు చూసి, నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

7 నవంబరు, గురువారం.

విమాన కంపెనీ ఆఫీసు, అబిడ్స్. లోపల రద్దీ. తలుపు దగ్గర వెంకటేశం అనే చప్రాసీ. "లైన్ల నిలబడున్రి" అన్నాడు. మా ఆఫీసుకు టైమవుతోంది. రూపాయి ఇచ్చాను. ఇనాం కాదు, చాయ్ ఖర్చు. చాయ్‌కీ ఇనాంకీ చాలా తేడా ఉంది.

లోపల, ఆరోజు బేగంపేట కౌంటరులో ఉన్న శ్యామ్‌సుందరే రిజిస్టరు తెరిచి నా ముందుకు తిప్పాడు.

"ఈ దస్కత్ మీదే గద సార్?"

"నాదే. కానీ..."

"మంచిగ చేసిన్రు. కింద గీత గూడ కొట్టిన్రు. రిజిస్టర్ల అన్ని పెట్టెలు అప్పజెప్పినట్టే ఉంది. ఇంక మేం ఏం చెయ్యాలె?"

మా ఆఫీసు టైపిస్టు చేత మూడు కాపీల ఫిర్యాదు కొట్టించి మధ్యాహ్నమే అందజేశాను. "తెచ్చిన వ్యక్తి బాధ్యతారహితమైన నిర్లక్ష్యం వలన" అనే మాట బాగా కుదిరింది. నేను తెరిచి చూసుకోని సంగతి రాయలేదు. ఫిర్యాదులో అనవసరమైన వివరాలు ఉండకూడదు.

ఆఫీసులో, మా దగ్గర బిల్లు పెండింగులో ఉన్న కంట్రాక్టరు దీపావళికని స్వీట్ల పెట్టె, వెండి కుంకుమభరిణ పంపాడు. ఇంటికి తెచ్చాను. "ఇది ఇనాం కాదా నాన్నా?" అంది కమల. అభిమానం అని చెప్పాను. "బిల్లు పాసయ్యాక కూడా ఉంటుందా ఆ అభిమానం?" అంది.

చదువుకున్న పిల్లలతో ఇదే బాధ.

8 నవంబరు, శుక్రవారం.

సూట్‌కేసు లేదు. యూనివర్సిటీలో నకళ్లు అడిగితే రెండు నెలలు పడుతుందన్నారు.

ఈరోజు పరిస్థితి:

విమాన ఆఫీసు చప్రాసీ వెంకటేశానికి మళ్లీ చాయ్.
లోపలి గది చప్రాసీకి చాయ్. (ఇతను చాయ్ తాగడట. అయినా తీసుకున్నాడు.)
బేగంపేట గోడౌన్ కాపలాదారుకు. (సూట్‌కేసులన్నీ చూపించాడు. నాది తప్ప.)
టెలిఫోను కలిపినాయనకు.
యూనివర్సిటీలో ఎవరికో. ఎవరో కూడా అడగలేదు.

అత్యవసర పరిస్థితిలో నియమాలు కొంత సడలించాలి. సర్కారు కూడా అంతే చేస్తుంది. హోటలు సర్వరుకు మాత్రం ఇవ్వలేదు. నిర్ణయం ఇంకా బతికే ఉంది!

9 నవంబరు, శనివారం.

వెంకటేశం ఈరోజు చాయ్ తీసుకుని మంచి మాటలాగా ఒక సంగతి చెప్పాడు.

"మీ చిట్ఠీ జబర్దస్త్ పని చేసింది సార్. బాలమల్లును పనిలకు రావద్దన్నరు."

"అదేమిటి? జీతం కోస్తే సరిపోయేదిగా!"

"జీతమేంది సార్? ఆయన కంపెనీ మనిషే గాదు. సొంత సైకిల్ మీద పెట్టెలు మోస్తడు. ఒక్కో పెట్టెకు ఇంత అని ఇస్తరు. పెట్టె లేకుంటే పైసా లేదు."

ఇంటికి నడిచే వచ్చాను. కంపెనీ జీతమిస్తోందని ఆ మనిషి మొహం మీద నేనెలా అన్నాను? ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

కమల ఊరుకోలేదు.

"తెరిచి చూసుకోమన్నాడా లేదా?"

"అన్నాడు."

"చూశావా?"

"సమయం లేక..."

"జపాను గురించి చెప్పడానికి ఉందిగా సమయం!"

10 నవంబరు, ఆదివారం.

మధ్యాహ్నం 3. మెట్ల మీద చప్పుడు. బాలమల్లు! భుజం మీద గోధుమరంగు సూట్‌కేసు. ఈసారి నిజంగా నాదే. మూలన అతుకు కూడా ఉంది.

ఆయనే చెప్పాడు.

"ఆనాడు రెండు పెట్టెలు ఒక్క తీరుగున్నయి సార్. ఒకటి మీకు, ఒకటి ఖైరతాబాద్‌ల విద్యావతి డాక్టరమ్మకు. పెట్టెలకు పేర్ల చిట్టీలు కట్టేది ఆఫీసోళ్లు. అటుదిటు కట్టిన్రు. డాక్టరమ్మ పనిమనిషికి పెట్టె ఇచ్చి పెట్టిన. అడగబోతే, అమ్మ మళ్ల ఊరికి పొయ్యింది, ఆమె లేంది పెట్టె ఇయ్యనన్నది. మూడు దినాలు గాడనే తిరిగిన. ఇయ్యాల పొద్దున దిగింది."

"నిన్ను పనిలోంచి తీసేశారటగా? మరి ఎందుకు తిరిగావు?"

"దొంగతనం పేరు వస్తది గద సార్. పెట్టె దొరకకపోతె నేనే మాయం చేసిన్నంటరు. మా ఆడపిల్ల బడికి పోతది. పిల్లలు ఏమంటరు దాన్ని?"

కమల సూట్‌కేసు తెరిచింది. సర్టిఫికెట్లు అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది. "రేపే ఉద్యోగం ఇంటర్వ్యూ" అని బాలమల్లుకు చెప్పి కళ్లు తుడుచుకుంది.

నేను జేబులో చెయ్యి పెట్టాను. ఖాళీ. ఈ మూడు రోజుల్లో ఏ పనీ చెయ్యని వాళ్లందరికీ పంచేశాను. పని చేసినవాడు ఎదురుగా నిలబడితే చిల్లర కూడా లేదు! నాగరత్నం పోపులడబ్బా వెతకడానికి వెళ్లబోతే బాలమల్లు ఆపాడు.

"ఏం వద్దమ్మా. సారు ఒక చిట్ఠీ రాస్తే చాలు. నా తప్పు లేదని."

అంటే నా తప్పు ఉందని. మూడు కాపీల ఫిర్యాదు ఇచ్చిన చేత్తోనే.

"రేపు తీరిగ్గా రాస్తాను" అన్నాను. బాలమల్లు తలూపి, డాక్టరమ్మ సూట్‌కేసు భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.

అతను సైకిలెక్కే లోపే కమల ఉత్తరం రాసేసింది. నా ముందు పెట్టి, "చదివి సంతకం చెయ్యి నాన్నా. ఈసారైనా చదివి" అంది.

చదివాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అదే కష్టంగా ఉంది. చేశాను. కింద గీత కొట్టలేదు. రేపు నేనే ఇచ్చి వస్తానని జేబులో పెట్టుకున్నాను.

11 నవంబరు, సోమవారం.

కమల ఇంటర్వ్యూ. కాలేజీ బయట రెండు గంటలు నిలబడ్డాను. "మీ అమ్మాయిని లోపలికి పిలిచారు" అని చెప్పిన బంట్రోతుకు ఇచ్చాను. "బయటికి వచ్చింది" అని చెప్పినందుకు మళ్లీ ఇచ్చాను. ఆమె బయటికి రావడం నాకు కనిపిస్తూనే ఉంది.

ఉత్తరం జేబులోనే ఉంది. విమాన ఆఫీసుకు వెళ్లే తీరిక లేకపోయింది. నిజానికి అటుగానే వచ్చాను. ఎదుటి పేవ్‌మెంటు మీదుగా.

12 నవంబరు, మంగళవారం.

కమల నా చొక్కా జేబులోంచి ఉత్తరం తీసుకుని తనే వెళ్లి ఇచ్చి వచ్చింది. శ్యామ్‌సుందర్ చదివి నవ్వాడట. ఇంకెవరెవరు చదివారో నేను అడగలేదు.

13 నవంబరు, బుధవారం. దీపావళి.

పోస్ట్‌మన్. ఇచ్చాను.
ఊడ్చే ఆవిడ. ఇచ్చాను.
పాల అతను. ఇచ్చాను.
మంగలి. గడ్డం సగంలో ఆపి శుభాకాంక్షలు చెప్పాడు. ఇచ్చాను.
హోటలు సర్వరు. ఇతను ఇంటికే వచ్చేశాడు! ఇచ్చాను.

వామన్‌రావు గారు కింద అరుగు మీద కూర్చుని అందర్నీ పైకి పంపిస్తున్నారు. "పోన్రి పోన్రి, సారు పైననే ఉన్నరు" అంటున్నారు.

రాని మనిషి ఒక్కడే. సాయంత్రం దాకా మెట్ల వైపు చూశాను.

15 నవంబరు, శుక్రవారం. సాయంత్రం 7.

రెండు వార్తలు.

కమలకు ఉద్యోగం వచ్చింది!! కాలేజీ నుంచి కబురు. ఆర్డరు రేపు ఉదయం మనిషి చేత పంపుతారట. నాగరత్నం సేమ్యా పాయసం చేసింది.

రెండోది. ఆఫీసు నుంచి వస్తుంటే నాంపల్లి స్టేషన్ రోడ్డులో బాలమల్లు కనిపించాడు. సైకిలు వెనక నల్లటి సూట్‌కేసు కట్టి ఉంది. పనిలోకి తీసుకున్నారు! నన్ను చూసి సైకిలు దిగాడు. నేనైతే దిగకపోదును.

"బిటియాకు నౌకరి ఏమైంది సార్?" అని కమల సంగతి అడిగాడు.

"వచ్చింది" అన్నాను. నాకంటే ఎక్కువగా సంతోషపడ్డాడు.

జేబులోంచి ఐదు రూపాయల నోటు తీశాను.

బాలమల్లు నోటు వైపు చూశాడు. తీసుకోలేదు.

"ఇది ఇనామా సార్? జుర్మానానా?"

అటూ ఇటూ చూశాను. మాకు తెలిసినవాళ్లెవరూ లేరు.

"జుర్మానాయే" అన్నాను.

"గట్లయితే తీస్కుంట." నోటు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "నాలుగు దినాలు పని లేకుండె సార్. జుర్మానా జర తక్కువనే ఉంది. పోనియ్యున్రి."

సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి ప్రశాంతంగా ఆలోచించాను. జుర్మానా అంటే జరిమానా. జరిమానా వేరు, ఇనాం వేరు. కాబట్టి సూట్‌కేసు తెచ్చినవాడికి నేను ఇనాం ఇవ్వలేదు. ఆ మేరకు నిర్ణయం చెక్కుచెదరలేదు! మిగతావి పండగ, ఇంటర్వ్యూ, అత్యవసరం. లెక్కలోకి రావు.

రేపటి నుంచి మళ్లీ మొదలు. ఎవరికీ ఇనాం లేదు. ఎవ్వరికీ!

రేపు ఆర్డరు తెచ్చే మనిషి వస్తాడు కదా.

ఎల్లుండి నుంచి. ఆదివారం, 17 నవంబరు. ఉదయం 6 గంటలకు.