ఏడో గరిటె

మార్చి 12, మంగళవారం. ఉదయం నుంచి చేసిన పనులు: ఉతికిన బట్టలు రెండు బకెట్లు. తుడిచిన కిటికీలు నాలుగు. పిడి వేయించిన గొడుగు ఒకటి. వంటింటి సామాను లెక్కపెట్టడం పూర్తి. అందులో ఒక పద్దు తేడా ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

చిరంజీవి బోల్టుకు,

అమ్మ ఆశీస్సులు. మేమిద్దరం కులాసా. మీ నాన్న మోకాలు మెట్లెక్కేటప్పుడు నొప్పి పెడుతుంది గానీ, కోపం వస్తే చక్కగా పరుగెడుతుంది. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

వచ్చే నెల సొంతంగా బైకుల రిపేరు షెడ్డు తెరుస్తున్నావని నీ ఉత్తరంలో చదివి రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాను. తళతళలాడే కొత్త పనిముట్ల పెట్టె కొనాలా, పాత సామాను బజారులో ఏరుకోవాలా అని అడిగావు. "నాన్నని అడక్కుండా చెప్పు" అని కింద గీత కూడా గీశావు. నాకు తెలిసింది గరిటెలే కదమ్మా! నీ పేరెత్తకుండా ఆయన్నే అడిగాను.

"మంచి స్పానర్‌ని ఎలా గుర్తుపట్టాలండీ? పక్కింటావిడ అడుగుతోంది."

"పక్కింటావిడకి బండే లేదు కదే!"

"కొంటుందట."

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, "అయితే రాసుకో" అన్నారు. అన్నం చల్లారిపోయింది, ఆయన ఆగలేదు.

మెరుపు చూసి కొనొద్దన్నారు. నాసిరకం పూత నాలుగు నెలల్లో పెచ్చులూడి చేతికే గీసుకుంటుందట. పాతవాటికి పైపైన తుప్పుంటే భయం లేదు, కిరసనాయిలులో నానబెట్టి రుద్దితే పోతుంది. నట్టు పట్టే నోటి లోపల గుంటలు పడితే మాత్రం వదిలెయ్యాలి. జేబులో ఒక కొత్త బోల్టు వేసుకెళ్లి స్పానర్ నోట్లో పెట్టి చూడాలి. ఊగితే నోరు సాగిపోయిందని అర్థం. కటింగ్ ప్లయర్ మూసి వెలుతురుకి పట్టుకుంటే సందులోంచి వెలుగు రాకూడదు. అతుకు వేసినవీ, సానపట్టి సన్నం చేసినవీ ముట్టుకోవద్దు.

ఆదివారం పక్కింటావిడ కోసం ఇద్దరం బజారుకి వెళ్లాం. నేను ప్రతి ప్లయర్నీ ఎండకి ఎత్తి చూస్తుంటే కొట్టువాడు, "అమ్మా, మీరు కొనడానికొచ్చారా, తనిఖీకొచ్చారా?" అన్నాడు. మీ నాన్న ముఖం వెలిగిపోయింది. "అడ్డు రాకు బాబూ, ఆవిడ బియ్యంలో రాయి వదలదు, నీ ఇనుములో వదులుతుందా?" అన్నారు. ఒక బరువైన సుత్తి నేను ఎత్తితే మాత్రం లాక్కుని పక్కన పెట్టేశారు.

"పక్కింటావిడ చేతులు చిన్నవి. పిడి సన్నంగా ఉండాలి. పైగా ఎడమచేతి వాటం."

పక్కింటావిడ చేతులు చేటలంత. కుడిచేత్తోనే నన్ను పిలుస్తుంది. చిన్న చేతులూ, ఎడమచేతి వాటమూ ఎవరివో నీకు చెప్పక్కర్లేదు.

పదకొండు స్పానర్లు ఏరారు. పది నంబరు మాత్రం కొననన్నారు. ముఖం ముడుచుకుని, సంచి భుజానేసుకుని ఇంటిదారి పట్టారు.

ఎందుకో నీకూ తెలుసు. ఆయనకి తన గురువు చేతుల మీదుగా వచ్చిన ఆ పాత పది నంబరు స్పానర్ పోగొట్టింది నువ్వేనన్నారు. ముట్టుకోనేలేదన్నావు నువ్వు. నా పెట్టె మీద చెయ్యి వెయ్యొద్దని ఆయన, నాన్నా, ఇక నీ షెడ్డులోనే అడుగుపెట్టనని నువ్వు. పద్దెనిమిది నెలలుగా ఆయన నోట నువ్వు ఆయన ముద్దుగా పిలుచుకున్న బోల్టువి కాదు, "మీ అమ్మాయి"వి.

తల్లీ, దాన్ని తీసింది నేను. ఆ రోజు వంటింటి బల్ల కాలు ఊగుతోందని నట్టు బిగించాను. ఇంతలో పాలు పొంగాయి. చేతిలో ఉన్నది గరిటెల డబ్బాలో పడేసి పరుగెత్తాను. నాలుగో రోజు కనిపించింది. అప్పటికే నువ్వు అలిగి ఎక్కిన బస్సు వెళ్లిపోయింది. చెబితే ఇద్దరూ కలిసి నా మీద పడతారని భయపడ్డాను. ఇద్దరూ కలవడం కంటే నాకు కావలసింది ఏముందో, ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది. అబద్ధపు లెక్క రాయని నేను, సామాను పుస్తకంలో "గరిటెలు ఏడు (ఒకటి పొట్టిది)" అని ప్రతి నెలా రాస్తూ వచ్చాను. మీరిద్దరూ ఇల్లంతా వెతికారు గానీ గరిటెల్లో చూడలేదు. వంట నేర్చుకోమని మొత్తుకున్నది ఇందుకే.

ఇవాళ దాన్ని ఆయన కంచం పక్కన పెట్టి అంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను. తువ్వాలుతో తుడిచారు. జేబులోంచి కొత్త బోల్టు తీసి దాని నోట్లో పెట్టి చూశారు. ఊగలేదు.

"పద్దెనిమిది నెలలు పప్పు కలిపావటే దీనితో?"

"లేదండీ. ఊరికే ఉంది."

లేచి కిటికీ దగ్గరికెళ్లి బయటున్న తన షెడ్డు వైపు చూశారు.

"మీరు తొందరపడ్డారని రాయమంటారా?" అన్నాను.

"అవన్నీ ఎందుకు? పది నంబరు దొరికిందని బోల్టుకి రాయి. అర్థం చేసుకుంటుంది."

నూనె గుడ్డలో చుట్టి, నీ పదకొండు స్పానర్ల మధ్య ఆయనే పెట్టారు. నీ షెడ్డు తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో, బల్ల ఎత్తెంతో కనుక్కోమన్నారు. బల్ల కాళ్లు స్వయంగా బిగిస్తారట. నన్ను మాత్రం వాటి జోలికి రావద్దన్నారు.

ఇట్లు,
ఆరు గరిటెలు మాత్రమే ఉన్న
మీ అమ్మ

సామాను పుస్తకంలో ఇవాళ్టి పద్దు: గరిటెలు ఆరు. పది నంబరు స్పానర్ ఒకటి, కూతురికి చేరవేయబడింది. బాకీ చెల్లు.