రెండు సాలీడు పిల్లలు, ఒకటే రూపు

22 ఆగస్టు 2003, శుక్రవారం
అరకు

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఈరోజు తడిగుడ్డ కింద పడి ప్రాణాలు విడిచింది.

గదిలో పెంచుతున్న టరంటులా సాలీడు పిల్లలు రెండే. ఒకటి సాలూరు ఘాట్‌లో చెట్టు తొర్రలో దొరికిన మామూలు రకం. రెండోది మా కాఫీ తోటలోది. అది వేరే జాతని నా నమ్మకం, దాన్ని నిరూపించడమే ప్రాజెక్టు. ఇప్పుడు మాత్రం రెండూ బూడిద రంగు కవలలు. పెద్దయితే గాని కాళ్ల అడుగున రంగు తేలదు. అందాకా సీసాల మీది చీటీలే దిక్కు. వాటిని అన్నం మెతుకులతో అంటించిన మహా శాస్త్రవేత్తను నేనే.

శ్రావణ శుక్రవారమని అమ్మ సీసాలు తుడిచేసింది. చీటీలు ఊడిపోయాయి, సీసాలు చోటు మారాయి.

"ఏది ఎక్కడ పెట్టావే అమ్మా?"

"నాకేటి తెలుసురా? రెండూ ఒక్కలాగే ఉన్నాయి గదా. ఏది ఏటయితే ఏటి?"

"అది తేల్చడానికే గదే నా చదువు!"

"అయితే బేగి తేల్చీసి అన్నానికి రా."

భూతద్దంతో సాయంత్రం దాకా చూశాను. తేలలేదు. దీపాలు పెట్టే వేళకు ఒకటి కాళ్లు కడుపు కిందికి ముడుచుకుని చచ్చిపోయింది. కొన్నాళ్లుగా రెండూ మేత ముట్టడం లేదు, కాబట్టి అమ్మను అనడానికీ లేదు. ఏడుద్దామంటే పోయిందెవరో తెలియదు.

మిగిలినది పెరిగితేనే అదేదో తెలిసేది. దాని ముందు చిన్న మిడతను వదిలాను. ఇంతవరకూ అటు తిరగలేదు.