గడపకు పూసిన పసుపు

అమ్మకు,

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను. కర్నూల్లో పాత ఇల్లు ఖాళీ చేశాము. అడ్వాన్సు మొత్తం తిరిగి వచ్చింది, దిగులు పడవద్దు.

నువ్వు మోకాలి వైద్యానికి వచ్చి మా దగ్గర ఉన్నన్నాళ్ళూ శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు పూసేదానివి కదా. ఆ మరక చూసి ఓనరు ఖాసింబీ రంగుకని అడ్వాన్సులో కొంత పట్టుకుంటుందేమోనని, తాళాలు ఇచ్చే ముందు ఉప్పుకాగితంతో గీకేశాను. ఆమె గోడలు చూడనే లేదు. గడప దగ్గరే నిలబడిపోయింది.

"మీ యమ్మ పూసిన పసుపు యాడ పోయెనప్పా? ఇల్లు శానా కళగా ఉండె. కొత్తగా వచ్చేటోళ్ళకు గూడా దాన్ని ముట్టొద్దని చెప్పాలనుకుంటి" అంది.

ఒక్క రూపాయి పట్టుకోకుండా దుడ్లు నా చేతిలో పెట్టింది.

మోకాలు ఎట్లుంది? మాత్రలు మానవద్దు. తమ్ముడు ఇటు వస్తే కాసిన్ని కొర్రలు పంపు. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

కొత్తింటి గడప ఇంకా బోసిగానే ఉంది. నీ కోడలు పసుపు కలిపితే నేనే వద్దన్నాను. నొప్పి తగ్గాక నువ్వే వచ్చి పూయి.

నీ కొడుకు,
వీరేశు