చెల్లెలి వరుస ఈగ గురించి

పండ్లతోటల రక్షణ కేంద్రం అధికారి గారి సముఖమునకు,
నర్మెట్ట నుంచి అకీల్ భార్య అమ్రీన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా జామతోటలోని ఈగను తమ జాబితాలోని ఈగకు దగ్గరి చుట్టంగా ఒప్పుకొని, ఈగలను పట్టే ఎర బుట్టలు ఇప్పించుట గురించి.

1. మా మామగారు నాటిన సదరు తోటలో ఈ వానకాలం కాయంతా పురుగు పట్టినది. పైకి నిగనిగలాడుతుంది, కోస్తే లోపల తెల్ల పురుగు కదులుతుంది. అంగడిలో కొన్నవాళ్లు తిరిగి తెచ్చి, మా ముందే పగలగొట్టి చూపుతున్నారు.

2. పురుగు పట్టిన కాయలు నమూనాగా తెమ్మని తమ కార్యాలయం వారు చెప్పారు. నేను చెట్ల కింద రాలిన మెత్తటి కాయలు ఏరి పెట్టాను. మా అత్తగారు ముంతాజ్ బేగం వాటిని పారబోయించారు. "ఆఫీసర్ సాబ్‌కు సడిపోయిన కాయలు పట్కపోతరా? మనింటి ఇజ్జత్ ఏం గావాలె?" అని కొమ్మల మీది మంచివి తెంపి, కొంగుతో తుడిచి పంపారు. మా ఇంట్లో ఎవరికి కాయ ఇచ్చినా మంచిదే ఇస్తారు. ఎదురు చెప్పడం నాకు రాదు.

3. ఆ మంచి కాయల్లో ఉన్న కొద్ది పురుగుల నుంచి లేచిన ఈగలు జాబితాలో లేని రకమని కాగితం వచ్చింది. జాబితాలో ఉన్న ఈగకు మాత్రమే బుట్టలు మంజూరగునట. రాలిన కాయల్లో ఏ ఈగ ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు. మళ్లీ నమూనా వచ్చే పంటకే తీసుకొందురని గుమస్తా ఎల్లేశం గారు సెలవిచ్చారు.

4. ప్రయోగశాలలో రూప మేడం గారు రెండు రకాల ఈగలనూ భూతద్దం కింద నాకు చూపించారు. జాబితా ఈగకు రెక్క అంచున నల్లగీత కొస దాకా ఉంది. మా ఈగకు అది నడుమ తెగి, కొసన మచ్చ మాత్రం ఉంది. "గివి అక్కచెల్లెండ్లసొంటివమ్మా. ఎన్నో లక్షల ఏండ్ల కింద ఏరువడ్డయి. గీ ఎర వాసనకు రెండూ వస్తయి" అన్నారు. ఆ మాట మా వారు ఎల్లేశం గారికి చెప్పారు.

"అక్క పేరు మీద కార్డుంటే చెల్లెకు బియ్యమిస్తరా అన్నా?" అన్నారాయన. అందరూ నవ్వారు. మా వారు కూడా నవ్వారు.

5. చెట్లు కొట్టేయించి, భూపాలపల్లికి లారీ తోలడానికి పోతానని మా వారు అంటున్నారు. అయ్యా, ఇది అర్జీలో వ్రాయవచ్చునో లేదో తెలియదు. కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను గొంతెత్తి అరిచేది ఆ తోటలో చిలకలను అదిలించేటప్పుడే. చెట్లు పోతే అది కూడా ఉండదు.

6. కావున జాబితాలో పేరు లేకున్నా చుట్టరికం చూసి బుట్టలు ఇప్పించగలరు. ఇస్తారన్న ఆశ నాకు పెద్దగా లేదు. అడగకుండానే చెట్లు పోయాయని ఉండకూడదని వ్రాస్తున్నాను.

తీరిక దొరికినప్పుడైనా చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
అమ్రీన్

తా.క.: ఈ కాగితం మడవబోతుంటే, మా వారు చెట్లు కొట్టడానికి పిలిచిన నగేశ్ కోత మిషను తీసుకొని వచ్చాడు. "యే దిక్కుకెల్లి మొదలువెట్టాలె అక్కా?" అని అడిగాడు. మా వారు ఇంట్లో నుంచి బయటికి రాలేదు. ఆఫీసు నుంచి జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పాలనుకున్నాను. బావి దిక్కు చూపించాను. అటు చెట్లకు కాయ తక్కువ.