షావుకారు గారు కడతానన్న ఫీజు

జనవరి 1985, ఆదివారం రాత్రి, నూజివీడు

ఊరికే డబ్బిచ్చే వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. మా మామిడి తోట కాపును ఏటా పూత మీదే, పిందె పడకముందే కొనేసే షావుకారు గారు ఈ రోజు ఇంటికొచ్చి, నా పరీక్ష ఫీజు తానే కడతానన్నారు. నాన్న చేతులు జోడించాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇది ఏ రకం సాయమండీ?" అని అడిగేశాను. "గవర్నమెంటు స్కాలర్‌షిప్ తిరిగి కట్టక్కర్లేదు. లోన్ స్కాలర్‌షిప్ అయితే ఉద్యోగం వచ్చాక కట్టాలి. మరి మీదేంటి?"

ఆయన పకపకా నవ్వారు. "చదువుకున్నోడివి అనిపించావయ్యా! సాయానికి రకాలేంటి?"

"అయితే అప్పని రాసుకోండి. ఉద్యోగం రాగానే తీర్చేస్తాను."

"మనలో మనకి కాగితాలేంటి అబ్బాయ్!" అంటూ లేచారు. వెళ్తూ వెళ్తూ తోటలోకి నడిచి, ఒక కొమ్మ వంచి పూత చూసుకున్నారు, అప్పుడే తన తోట అయిపోయినట్టు.

నా స్కాలర్‌షిప్ మంజూరైందని కాలేజీలో చెప్పి నెలలైంది, డబ్బు మాత్రం రాలేదు. ఫీజుకు ఎల్లుండే ఆఖరు. ఆ సంగతి ఈయనకెవరు చెప్పారో!

అన్నాల దగ్గర నాన్నను నిలదీశాను. "ఈసారి పిందె పడ్డాకే బేరమన్నావుగా? అప్పుడైతే రేటు బాగా వస్తుందన్నావుగా?"

నాన్న అన్నంలో మజ్జిగ పోసి కలుపుకున్నాడు.

"అన్నాన్రా. ఇప్పుడు ఆ మాట ఆయన మొహం మీద ఎట్టా అనను?"

ఆయన ఫీజు ఇంకా కట్టనేలేదు, నాన్న అప్పుడే ఆ బాకీ తీర్చడం మొదలుపెట్టాడు. రేపు పొద్దున్నే వెళ్లి ప్రిన్సిపాల్ గారిని గడువు అడుగుతాను. ఆయన కుదరదంటే...