నీ డ్రమ్ లోపలి అతుకు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే రెజిమెంటల్ బజార్‌లో మన డ్రమ్ముల రిపేరు కొట్టు తెరిచి, పెళ్లి బ్యాండ్‌లో నువ్వు వాయించిన సైడ్ డ్రమ్ బయటికి తీశాను. తోలు చిరిగి ఉంది. కొత్తది వేసి, నిన్ను తలుచుకుని ఒక్కసారి వాయిద్దామనుకున్నాను.

మరలు విప్పి చూస్తే లోపల రేకుకు నిలువునా అతుకు ఉంది. అసలైన ఫారిన్ డ్రమ్‌కు లోపల అతుకు ఉండదని నేర్పింది నువ్వే. అంటే, బయట బిగించిన ఇంగ్లండ్ బిళ్ల ఒక్కటే అసలుది.

నీ బ్యాండ్‌లో ముప్పై ఏళ్లు ట్రంపెట్ ఊదిన యూసుఫ్ చాచా పక్కనే ఉన్నాడు. తొంగి చూశాడు గానీ ఆశ్చర్యపోలేదు.

"మీ బాపుకు ఎరుకే బేటా. అందుకే తోలు మార్చేటప్పుడు తలుపేసుకునేటోడు. ఫారిన్ డ్రమ్ ఉందంటేనే పెండ్లోళ్లు మనల్ని పిలుస్తుండ్రి. ఏం జేస్తడు మరి?"

పెళ్లివాళ్లకు ఫారిన్‌ది అని చెప్పావు, సరే. నాకూ అదే ఎందుకు చెప్పావు? "ఫారిన్ సౌండంటే గిదిరా" అని చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వినిపించావు. కొట్టుకొచ్చిన ప్రతి డ్రమ్‌కూ ఆ చెవితోనే తీర్పు చెప్పాను.

పోయిన నెల మల్కాజ్‌గిరి నుంచి ఒకావిడ చనిపోయిన భర్త డ్రమ్ తెచ్చింది. లండన్‌ది అని ఆయన చెప్పేవాడట. నేను విప్పి కూడా చూడలేదు. రెండు దెబ్బలు కొట్టాను. నీ డ్రమ్‌లా మోగలేదు. నకిలీదమ్మా అన్నాను.

"గట్లయితే మా ఆయన నాకు అబద్ధం చెప్పిండా?" అని అడిగింది.

అవునన్నాను, బాపూ.